లినక్స్‌లో స్క్రీన్ 1024×768 దగ్గరే ఆగిపోతే...

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌లో ఈమధ్యే లినక్స్ మింట్ వేశాను. మానిటర్ 1920×1080ది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మాత్రం 1024×768 మించి కనిపించట్లేదు. అక్షరాలు సాగదీసినట్టున్నాయి. సీపీయూని టేబుల్ కిందికి మార్చి, పొడవైన వీజీఏ కేబుల్ కొన్నదీ అదే వారం. మళ్లీ విండోస్ వేసుకోవాలా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండీ. నా అనుమానమంతా ఆ కొత్త కేబుల్ మీదే.

సెట్టింగ్స్‌లో కనిపించే రిజల్యూషన్ల జాబితా లినక్స్ సొంతంగా పెట్టేది కాదు. మానిటరే తన వివరాలను 128 బైట్ల చిన్న సమాచారంగా పంపుతుంది. దాన్నే ఈడీఐడీ అంటారు. వీజీఏలో అది 12, 15 నంబర్ల పిన్నుల గుండా వస్తుంది. కొన్ని చవక కేబుళ్లలో వీటికి వైరే వేయరు. రంగుల వైర్లు వేరు కాబట్టి బొమ్మ మాత్రం వస్తూనే ఉంటుంది. ఎదుట ఉన్నది ఏ మానిటరో తెలియక సిస్టమ్ ఎందుకైనా మంచిదని 1024×768తో సరిపెడుతుంది.

కేబుల్ ఊడదీసి పిన్నులు చూడండి. మధ్య వరుసలో 9వది లేకపోతే కంగారు పడకండి, మంచి కేబుళ్లలోనూ చాలాసార్లు అది ఉండదు. పిన్నులన్నీ ఉన్నా లోపల వైరు లేకపోవచ్చు. అందుకే పాత పొట్టి కేబుల్ తగిలించి రీస్టార్ట్ చేయడమే అసలు పరీక్ష. రెండువైపులా హెచ్‌డీఎంఐ ఉంటే ఇంకా నయం.

కేబుల్ మార్చినా ఫలితం లేకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ సంగతి చూడాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టిన నోమోడ్‌సెట్ (గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పూర్తిగా పనిచేయనివ్వని ఆప్షన్, nomodeset) గ్రబ్‌లో, అంటే సిస్టమ్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో అలాగే మిగిలిపోయిందేమో చూసి తీసేయండి. ఎన్‌విడియా కార్డయితే డ్రైవర్ మేనేజర్ తెరవండి.

కేబుల్ మార్చే వీలే లేదంటారా? రిజల్యూషన్ మనమే పెట్టుకోవడానికి ఎక్స్‌ర్యాండర్ (xrandr) అనే కమాండ్ ఉంది. ముందు టెర్మినల్‌లో సీవీటీ (cvt) అని చిన్న అక్షరాల్లో కొట్టి, పక్కన 1920 1080 60 ఇస్తే మోడ్‌లైన్ అనే వరుస, అంటే ఆ రిజల్యూషన్‌కి కావాల్సిన అంకెలు వస్తాయి. దాన్ని ఎక్స్‌ర్యాండర్‌తో కొత్త మోడ్‌గా చేర్చి, మీ వీజీఏ అవుట్‌పుట్‌కి జతచేసి, ఆన్ చేయాలి. మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ మామూలుగా ఎక్స్11 అనే డిస్‌ప్లే వ్యవస్థ మీదే నడుస్తుంది కాబట్టి ఇది కుదురుతుంది. ఉబుంటులో దాని బదులు వాడే వేలాండ్ సెషన్ అయితే ఈ చిట్కా పారదు. స్క్రీన్ నల్లబడితే టెన్షన్ వద్దు, రీస్టార్ట్ చేస్తే ఆ మార్పు దానంతటదే పోతుంది. బాగా పనిచేస్తోందని తేలాకే ఆ కమాండ్లను హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఎక్స్‌ప్రొఫైల్ (.xprofile) ఫైల్లో రాసుకోండి, లాగిన్ అయినప్పుడల్లా అవే నడుస్తాయి.