మాఘమాసం వానకు తడిసిన నల్లరేగడిలో ట్రాక్టర్ ఎప్పుడు దింపాలి?

చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఇది ఏటా వచ్చే ప్రశ్నే. రోజులు లెక్కపెట్టకండి, మట్టిని అడగండి.

చలికాలం చివర్లో బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమగాలి, వాయవ్యం నుంచి వీచే పొడిగాలి తెలంగాణ మీద కలుస్తాయి. మధ్యాహ్నపు ఎండ తోడైతే సాయంత్రానికి ఉరుములు, ఒక్కోసారి వడగళ్లు. పక్క ఊరు పొడిగానే ఉంటుంది.

రేగడిలోని బంకమట్టి నీరు పీల్చి ఉబ్బుతుంది, పగుళ్లు మూసుకుపోతాయి. ఇక నీరు కిందికి చాలా నెమ్మదిగా దిగుతుంది. పైన ఎండి తెల్లబడినా లోపల ముద్దే. అందుకే జానెడు లోతు తవ్వి, పిడికెడు మట్టి తీసి అరచేతుల మధ్య తాడులా పేనండి. సన్నగా సాగితే ఆగాలి. పొడిగా విరిగితే దున్నొచ్చు. తొందరపడితే చక్రాల కింద మట్టి గట్టిపడి, నాగలికి బండల్లాంటి పెళ్లలు లేస్తాయి, అవి చితకడం చాలా కష్టం. ఎర్ర చెలక, అంటే ఇసుక కలిసిన ఎర్రనేల, మాత్రం త్వరగా ఆరుతుంది.

కోసిన శనగ తడిస్తే కుప్ప మీద పట్టా కప్పి వదిలేయొద్దు, లోపల వేడెక్కి బూజు పడుతుంది. వాన ఆగగానే పట్టా తీసి, పలచగా పరిచి, తిరగేస్తూ ఆరబెట్టండి. గింజ కొరికితే కటుక్కుమన్నాకే నూర్పిడి.