గ్రామసభ వద్దన్నా మేత పోరంబోకులో ప్లాంటు కట్టొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గుంటూరుకు దగ్గర్లోని పల్లెటూరు. ఊరి చివర చెరువును ఆనుకుని ఆరెకరాల పశువుల మేత పోరంబోకు ఉంది. పట్నంలోని సెప్టిక్ ట్యాంకుల మురుగును ట్యాంకర్లలో తెచ్చి శుద్ధి చేసే ప్లాంటును అక్కడ కడతామంటున్నారు. రెండు నెలల కింద సచివాలయంలో మీటింగ్ అని పిలిచి, హాజరు కోసమని చెప్పి సంతకాలు తీసుకున్నారు. ఇప్పుడు అదే గ్రామసభ ఆమోదం అంటున్నారు. తర్వాత మేము గ్రామసభ పెట్టించి వద్దని తీర్మానం చేయించాం. సర్వేకి వచ్చినవాళ్లను మా కుర్రాళ్లు ఆపితే నలుగురికి పోలీసు నోటీసులు వచ్చాయి. మా తీర్మానం ఉండగా ప్లాంటు కట్టొచ్చా? గుంటూరు కోర్టులో స్టే వస్తుందా?

జవాబు: తీర్మానం ఒక్కదానితోనే ప్లాంటు ఆగదు. ఈ మాట మీకు రుచించదు, అయినా ముందే చెప్పాలి. ఒడిశాలోని నియమగిరి కొండల గనుల కేసులో 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది కదా అని చాలామంది అడుగుతుంటారు. అక్కడ ఉన్నది గిరిజన ప్రాంతం, అటవీ హక్కుల చట్టం. మీది మైదాన ప్రాంతం. ఇక్కడ గ్రామసభ తన అభిప్రాయం గట్టిగా చెప్పగలదు, అంతేగానీ ప్రభుత్వ ప్రాజెక్టును నేరుగా కొట్టేయలేదు.

మీ అసలు బలం ఆ భూమిలో ఉంది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లోని 58వ సెక్షన్ ఒకసారి చదవండి. పశువుల మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందబయళ్లు, తోపుల వంటి పోరంబోకులు గ్రామ పంచాయతీకి సంక్రమిస్తాయని అది చెబుతోంది. ప్రభుత్వానికి అలాంటి భూమి ప్రత్యేక అవసరానికి కావాలంటే తిరిగి తీసుకోవచ్చు. కానీ దానికి ఏపీ గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి. కాబట్టి తహసీల్దార్ ప్రొసీడింగ్స్ ఇచ్చి, సర్వేయర్ రాళ్లు పాతించినంత మాత్రాన ఆ ఆరెకరాలు పంచాయతీ చేయి దాటిపోవు. ‘ప్రభుత్వానికి అవసరం లేని భూములే పంచాయతీకి వస్తాయని అదే సెక్షన్‌లో ఉంది’ అని ప్రభుత్వ న్యాయవాది వాదిస్తారు. ఇన్నేళ్లుగా ఆ భూమి మేతకే వాడుకలో ఉందని చూపించే కాగితాలు ఉంటేనే ఆ వాదనకు మీరు బదులివ్వగలరు.

అందుకే ముందు అడంగల్ (ఏ భూమి ఎలా వాడుకలో ఉందో రాసే గ్రామ రికార్డు), భూమి వర్గీకరణ ఉండే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ (ఆర్‌ఎస్‌ఆర్) నకళ్లు తీయించండి. రెండింట్లోనూ ఆ సర్వే నంబరు ఎదురుగా భూమి స్వభావం ఏమని రాసి ఉందో చూడండి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరుతో పాటు కొత్త ల్యాండ్ పార్శిల్ నంబరు కూడా రాసి అడగాలి. లేకపోతే ‘ఆ నంబరుతో రికార్డు లేదు’ అన్న జవాబు వస్తుంది, నెల వృథా అవుతుంది. ఆరెకరాల్లో ఒక్క ఎకరం చెరువు పోరంబోకుగా నమోదై ఉన్నా మీ కేసు ఇంకా గట్టిపడుతుంది. చెరువుల్లాంటి ఉమ్మడి వనరులను కాపాడాలని హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. 2011 నాటి జగ్‌పాల్ సింగ్ తీర్పులో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అయితే ఆ భూమిలో అప్పటికే బడి, ఆసుపత్రి లాంటి ప్రజోపయోగ వసతి ఉన్న సందర్భాన్ని మినహాయించింది. అవతలివాళ్లు ఆ మినహాయింపునే చూపిస్తారు. మీ భూమిలో ఇంకా ఏ వసతీ కట్టలేదు కాబట్టి అది మీకు వర్తించదని మీరు చెప్పవచ్చు.

మిగతా కాగితాలకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. తహసీల్దార్ ఆఫీసులో రుసుము 5 రూపాయలు, జిల్లా, రాష్ట్ర స్థాయి ఆఫీసుల్లో 10 రూపాయలు, పంచాయతీలో ఏమీ లేదు. జవాబుకు 30 రోజుల గడువు. భూమి కేటాయింపు ఫైలు, అభ్యంతరాలు పిలుస్తూ ఇచ్చిన ఏ-1 నోటీసు, గెజిట్ నోటిఫికేషన్, నీటి కాలుష్య నివారణ చట్టం, 1974 కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి అడగండి. సచివాలయంలో జరిగిన ఆ మీటింగ్ మినిట్స్ పుస్తకం (చర్చలు, నిర్ణయాలు రాసేది) పేజీకి ధృవీకరించిన నకలు కూడా తప్పకుండా అడగండి. సంతకాల పైన రాసిన విషయం తర్వాత చేర్చిందో కాదో పేజీ చూస్తేనే తెలుస్తుంది: చేతిరాత మారిందా, ఇరికించి రాశారా, ఎజెండా నోటీసు ఏ తేదీన వేశారు, ఊళ్లో దండోరా వేశారా అన్నవి గమనించండి. సంతకం పెట్టిన ప్రతి ఒక్కరూ ‘హాజరు కోసమే పెట్టాను, ప్లాంటుకు ఒప్పుకోలేదు’ అని విడివిడిగా రాసి పంచాయతీ కార్యదర్శికి, ఎంపీడీఓకు, జిల్లా పంచాయతీ అధికారికి ఇవ్వాలి. ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకున్న నకలు మీ దగ్గర ఉండాలి. ఇది ఈ వారమే చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ ఈ మాటకు విలువ తగ్గుతుంది.

ఇక కోర్టు సంగతి. గుంటూరు సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) కోసం దావా వేయడం మీకు కలిసిరాదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం మౌలిక వసతుల ప్రాజెక్టు ఆలస్యమయ్యేలా ఉంటే ఇంజంక్షన్ ఇవ్వకూడదు. ఆ ప్రాజెక్టుల జాబితాలో మురుగు సేకరణ, శుద్ధి కూడా ఉన్నాయి. మీరు వెళ్లాల్సింది అమరావతిలోని నేలపాడు హైకోర్టుకు, రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్‌తో, అంటే ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్‌తో. ఆ రిట్‌ను పంచాయతీయే వేస్తే అంతకు మించింది లేదు, ఎందుకంటే హక్కు దానిదే. మీరు చేయించిన తీర్మానం ఇక్కడ అక్కరకొస్తుంది. కోర్టులో కేసు వేయడానికి సర్పంచ్‌కు అధికారం ఇస్తూ ఇంకో తీర్మానం చేయించండి. సర్పంచ్ ముందుకు రాకపోయినా, ప్రత్యేకాధికారి పాలన ఉన్నా, పశువులు మేపుకునే రైతులే పిటిషనర్లుగా ఉండవచ్చు.

రిట్‌లో ‘మాకు ప్లాంటు వద్దు’ అని మాత్రమే రాయకండి. ఏ ఊరికి వెళ్లినా ఆ మాటే వినిపిస్తుంది, పట్నం మురుగు ఎక్కడో ఒకచోట శుద్ధి కావాల్సిందేనని జడ్జిగారికీ తెలుసు. స్థలం ఎంపికలో కోర్టు సాధారణంగా జోక్యం చేసుకోదు, చట్టం తప్పితే చేసుకుంటుంది. గెజిట్ లేదు, నోటీసు లేదు, సంతకాలు వేరే పని కోసం తీసుకున్నారు అని వరుసగా చూపించండి.

చెరువు కలుషితమవుతుందన్న అంశం నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ చూస్తుంది. మన రాష్ట్రానికి చెన్నై బెంచి. కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లో దరఖాస్తు వేయాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. మీకు మీటింగ్ జరిగి ఇప్పటికే రెండు నెలలైంది. ఆ రోజు నుంచే లెక్క పెట్టుకోండి. పంచాయతీ చట్టం ఉల్లంఘన మాత్రం ట్రిబ్యునల్ పరిధిలోకి రాదు, అది హైకోర్టుకే.

కుర్రాళ్ల నోటీసుల గురించి టెన్షన్ పడకండి, పట్టించుకోకుండా ఉండటం మాత్రం తప్పు. అవి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 35(3) కింద హాజరు కమ్మని ఇచ్చిన నోటీసులైతే, చెప్పిన తేదీకి న్యాయవాదిని సంప్రదించి హాజరు కావాలి. నోటీసు పాటించినవాళ్లను అరెస్టు చేయాలంటే పోలీసులు కారణం రాసి ఉండాలి. ఇకపై సర్వే బృందాన్ని చేత్తో తోయడం, జీపుకు అడ్డంగా పడుకోవడం వద్దు. విధుల్లో ఉన్న ఉద్యోగిపై చేయి చేసుకున్నారంటే అది నాన్ బెయిలబుల్ నేరం. రేపు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో వెళ్లినప్పుడు ఆ పిల్లలే ఇబ్బంది పడతారు. సర్వే వాళ్లు వచ్చినప్పుడు పెద్దలు నిలబడి లిఖితపూర్వక అభ్యంతరం ఇచ్చి, వీడియో తీయండి. అది చాలు.

ఇవన్నీ నడుస్తుండగానే ఒక పని చేయించండి. చెరువు నీళ్లు, చుట్టూ ఉన్న బోర్ల నీళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. కేసు గెలవకపోయినా, ప్లాంటు వచ్చాక నీళ్లు చెడిపోయాయని చెప్పాలంటే ముందు ఎలా ఉండేవో చూపించే రిపోర్టు కావాలి. అప్పుడు ట్యాంకర్ల వేళలు, శుద్ధి గుంతల అడుగున లీకు కాని పొర, ఏటా నీటి పరీక్ష ఫలితాలను పంచాయతీ బోర్డు మీద పెట్టడం లాంటి షరతులను అనుమతి ఉత్తర్వులోనే రాయించమని హైకోర్టును అడగవచ్చు. ఆ షరతులను రిట్‌లో ప్రత్యామ్నాయ ప్రార్థనగా (ప్లాంటు ఆపకపోతే కనీసం ఇవైనా ఇప్పించండన్న కోరికగా) మొదటే చేర్చమని మీ న్యాయవాదికి చెప్పండి.