చర్చి, ఓటు: అమెరికాకు కొత్తగా వచ్చిన మన తిరుపతి పిల్లలకు

"అన్నా, మా ఆఫీసులో అందరూ చర్చికి పోయేవాళ్లే. మరి ఒకరు ట్రంప్ అంటారు, ఇంకొకరు ఆ పేరు ఎత్తితేనే మండిపడతారు. ఎట్లా?" తిరుపతి, చిత్తూరుల నుంచి వచ్చినవాళ్లకు ఎన్నికలప్పుడు వచ్చే సందేహమే ఇది.

మన దగ్గర భక్తిని చూసి ఓటు చెప్పలేం. గంగమ్మ జాతరలో వేషం కట్టేవాళ్లలో అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు, అన్ని పార్టీల అభ్యర్థులూ కొండెక్కి స్వామి దర్శనం చేసుకుంటారు. ఇక్కడి తెల్లవాళ్లలో మాత్రం వారం వారం చర్చికి వెళ్లేవాళ్లు ఎక్కువగా రిపబ్లికన్ల (ట్రంప్ పార్టీ) వైపు, అసలు వెళ్లనివాళ్లు ఎక్కువగా వాళ్ల ప్రత్యర్థులైన డెమొక్రాట్ల వైపు ఉంటారు. 2016, 2020, 2024 ఎన్నికల్లో తెల్ల ఇవాంజెలికల్ క్రైస్తవుల్లో (బైబిలే ప్రామాణికమని గట్టిగా నమ్మే ప్రొటెస్టెంట్లు) పదిమందికి దాదాపు ఎనిమిదిమంది ట్రంప్‌కే వేశారు. అబార్షన్‌ను చట్టం అనుమతించాలా వద్దా అన్న గొడవ దీనికి ఒక పెద్ద కారణం.

కానీ నల్లజాతి చర్చిల దగ్గరికి వస్తే ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ భక్తి ఏమాత్రం తక్కువ కాదు, అయినా ఓట్లలో అత్యధికం డెమొక్రాట్లకే. నల్లజాతివాళ్ల సమాన హక్కుల కోసం సాగిన పౌరహక్కుల పోరాటానికి ఆ చర్చిలే అండ, దాని నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా పాస్టర్. అదే బైబిల్, అదే ఆదివారం, ఓటు వేరు. చర్చితోపాటు ఆ జాతి చరిత్ర కూడా ఓటును నడుపుతుందని నేను గట్టిగా నమ్ముతాను. కాథలిక్కులు 1960లో తమవాడైన డెమొక్రాట్ అభ్యర్థి కెన్నెడీకి పెద్దఎత్తున ఓటేశారు, ఇప్పుడు రెండు పార్టీల మధ్యా చీలిపోయారు.

అందుకే మెడలో సిలువ చూసి ఎవరి పార్టీనీ తేల్చేయొద్దు. లంచ్ దగ్గర "మీ ఓటు ఎవరికి?" అని అస్సలు అడగొద్దు. ఇక్కడ అది జీతం అడిగినంత ఇబ్బందిగా ఉంటుంది. పక్కింటివాళ్లు చర్చికి పిలిస్తే ఇష్టముంటే వెళ్లండి, లేకపోతే థాంక్స్ చెప్పి మానేయండి, టెన్షన్ ఏమీ వద్దు. చాలాచోట్ల పోలింగ్ బూత్ చర్చి హాల్లోనే పెడతారు. అంతమాత్రాన అది మతానికి సంబంధించిన ఎన్నిక అయిపోదు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సుకు వెళ్లినప్పుడు, ఓటరుగా నమోదు చేయమంటారా అని అడుగుతారు. 1993 నాటి చట్టం వల్ల వచ్చిన పద్ధతి ఇది. హెచ్1బి అయినా, గ్రీన్‌కార్డ్ అయినా "వద్దు" అనే చెప్పండి. పౌరసత్వం లేకుండా ఇక్కడ ఓటేస్తే దేశం నుంచే పంపించేయవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకు మీ ఓటు తిరుపతిలోనే. ఫారం 6ఎ నింపి ప్రవాస ఓటరుగా నమోదు చేసుకోండి, అయితే ఓటు వేయడానికి పాస్‌పోర్టుతో స్వయంగా ఊరికి వెళ్లాల్సిందే.