నక్షత్ర గుచ్ఛం మధ్యలో తెల్లటి ముద్ద ఎందుకొస్తోంది?

ప్రశ్న: నా దగ్గర 150 మిల్లీమీటర్ల అద్దం, 750 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న రిఫ్లెక్టర్ టెలిస్కోపు ఉంది. ఆకాశంతో పాటు తిరిగే, మోటారు ఉన్న ఈక్వటోరియల్ మౌంట్ మీద పెట్టి, పెరట్లోంచి డీఎస్ఎల్ఆర్‌తో ఎం13 అనే నక్షత్ర గుచ్ఛాన్ని రెండేసి నిమిషాల ఎక్స్‌పోజర్‌తో తీశాను. మధ్యలో అంతా తెల్లటి ముద్ద, చుక్కలేమో సాగిపోయాయి. పెద్ద టెలిస్కోపు కొనాలా?

జవాబు: వద్దండి, ఈ పనికి మీ టెలిస్కోపు చాలు. తేడా ఎక్స్‌పోజర్‌లో ఉంది. ఎం13లో లక్షల నక్షత్రాలున్నాయి, 20 వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరం నుంచి చూస్తున్నాం కాబట్టి మధ్యలో అవి ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కనిపిస్తాయి, ఆ వెలుగంతా రెండు నిమిషాలపాటు పడితే సెన్సర్‌లో అక్కడి పిక్సెళ్లు నిండిపోతాయి. నిండిన పిక్సెల్‌లో రంగు మిగలదు, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తీసుకురాలేదు. నారింజ రంగు జెయింట్లు (బాగా ఉబ్బిన పెద్ద నక్షత్రాలు), వాటి మధ్య నీలి చుక్కలు కనిపించడమే ఈ గుచ్ఛం అందం, అది పోగొట్టుకోకండి.

ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) 800 పెట్టి, 20 సెకన్ల ఫొటోలు ఓ వంద, రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా కుదించని ఫైళ్లుగా, తీయండి. మధ్య భాగం ఇంకా తెల్లబడుతుంటే 10 సెకన్లకు తగ్గించండి. వందా ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే (దీన్నే స్టాక్ చేయడం అంటారు) నాయిస్, అంటే ఫొటోలోని గరుకు మచ్చలు, ఒక్క ఫొటోతో పోలిస్తే దాదాపు పదో వంతుకు పడిపోతుంది. డీప్‌స్కైస్టాకర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, దీనికి సరిపోతుంది.

ఇక సాగిన చుక్కల సంగతి. ఫొటో అంతటా ఒకే వైపుకి సాగితే పోలార్ అలైన్‌మెంటో (మౌంట్ ఇరుసును ఆకాశ ధ్రువం వైపు తిప్పి పెట్టడం), ట్రాకింగో సరిగా లేదని అర్థం. ఆకాశం సెకనుకు దాదాపు 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది, మీ ఫోకల్ లెంగ్త్‌కి మామూలు కెమెరాలో అది పది పిక్సెళ్ల పైమాటే, కాబట్టి చిన్న తప్పు కూడా రెండు నిమిషాల్లో బయటపడిపోతుంది. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే ఈ బాధ కూడా చాలావరకు పోతుంది. అలా కాకుండా మధ్యలో గుండ్రంగా ఉండి అంచుల్లో మాత్రమే తోకలొస్తుంటే అది కోమా అనే అద్దం లోపం, ఇలాంటి రిఫ్లెక్టర్లన్నిటికీ ఉండేదే. దాన్ని సరిచేసే కోమా కరెక్టర్ లెన్సు పెట్టొచ్చు, లేదా అంచులు కత్తిరించేయొచ్చు. ఎం13 చిన్నది, కత్తిరించినా నష్టం లేదు.

ఫోకస్‌ని మాత్రం కంటి అంచనాకు వదలకండి, గుచ్ఛాల ఫొటోలు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. టెలిస్కోపు ముందు బాటినోవ్ మాస్క్ (చీలికలున్న మూత) తగిలించి, మెరిసే నక్షత్రం చుట్టూ కనిపించే గీతల్లో మధ్య గీత సరిగ్గా నడిమికి వచ్చేదాకా ఫోకస్ తిప్పండి. రాత్రి చల్లబడేకొద్దీ ఫోకస్ జారుతుంది, గంటకోసారి మళ్లీ చూసుకోండి.

ప్రశ్న: ఇదే టెలిస్కోపుతో కృత్తికలు పూర్తిగా ఫ్రేములో పట్టడం లేదు. నీలి పొగ కూడా రావడం లేదు.

జవాబు: పట్టదండి. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్‌తో మీకు దక్కేది ఒకవైపు సుమారు 1.8 డిగ్రీలు, రెండోవైపు 1.2 డిగ్రీలు మాత్రమే, కృత్తికలేమో రెండు డిగ్రీల దాకా పరుచుకుని ఉంటాయి. టెలిస్కోపు తీసేసి అదే మౌంట్ మీద 200 మిల్లీమీటర్ల లెన్సు పెట్టండి, చుట్టూ చోటు కూడా మిగులుతుంది. నీలి పొగ అనేది ఆ నక్షత్రాల వెలుగు పడి కనిపించే ధూళి. అవి పుట్టినప్పుడు మిగిలిన ధూళి కాదది, ఇప్పుడు వాటి దారిలో అడ్డొచ్చిన మేఘం. చాలా మసకగా ఉంటుంది కాబట్టి దానికి మాత్రం చంద్రుడు లేని చీకటి రాత్రి, గంటల తరబడి ఫొటోలు కావాలి. వెన్నెల రాత్రుల్ని ఎం13కి వాడుకోండి.