అమ్మేసిన ఎకరంన్నర – మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మనిషి తప్పు చేసినందుకు బాధపడతాడా, దొరికిపోయినందుకా? – ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మొదటి వారం దొరికినందుకే. ఆ తర్వాత మనిషిని బట్టి. మీరు దొరికారో, ఎవర్నైనా పట్టుకున్నారో రాయలేదు, రాసుంటే ఇంకాస్త ఓపెన్‌గా చెప్పేదాన్ని.

ప్రశ్న: మాది తుళ్లూరు పక్క పల్లె. 2012లో చెల్లి పెళ్లికి ఎకరంన్నర మెట్ట అమ్మేశాను. అమ్మ వద్దంది, అప్పు తెద్దాం అంది, నేనే వినలా. రెండేళ్లు తిరక్కుండానే రాజధాని అన్నారు, పక్క చేనోళ్లు పొలాన్ని ప్రభుత్వానికి పూలింగ్‌కి ఇచ్చి బదులుగా ప్లాట్లు తీసుకున్నారు, నేను గుంటూరులో అద్దెకుంటూ ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాసుకుంటున్నా. ఇప్పటికీ పొద్దున లేవగానే ఫోన్లో గజం రేటు చూస్తా. చెల్లి వస్తే సరిగా మాట్లాడలేను, దాని తప్పేం లేదని తెలుసు. మూడేళ్లుగా అది సంక్రాంతికి కూడా రావట్లేదు. ఈ బాధ పోయేదెలా? – పేరు వద్దు, గుంటూరు

జవాబు: తమ్ముడూ, ముందు లెక్క చూద్దాం, లెక్కలు రాసే మనిషివి కదా. నువ్వు అమ్మేనాటికి రాష్ట్రమే విడిపోలేదు. రాజధాని విజయవాడ చుట్టుపక్కల అని అసెంబ్లీలో చెప్పింది 2014 సెప్టెంబర్లో, అంతకుముందు నూజివీడు అన్నారు, దొనకొండ అన్నారు, ఆ మాటలు నమ్మి అటు కొన్నవాళ్లు ఇప్పుడు ఏ పత్రికకి ఉత్తరం రాసుకోవాలి చెప్పు.

ఇక పూలింగ్‌కి ఇచ్చినోళ్ల సంగతి. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాలు కమర్షియల్, ఏటా 30 వేల కౌలు, దానిమీద ఏడాదికి పది శాతం పెంపు, పదేళ్లపాటు. కాయితం మీద బానే ఉంది. 2019 డిసెంబర్లో మూడు రాజధానులన్నాక ఆ ప్లాట్లలో కంపచెట్లు మొలిచాయి, మీ ఊళ్ల ఆడవాళ్లు టెంట్ల కింద కూర్చున్నారు, 2021లో తిరుపతి దాకా నడిచారు. 2024లో ప్రభుత్వం మారాక రేట్లు మళ్లీ లేచాయి. మరి మధ్యలో ఆ అయిదేళ్లు నీకు హాయిగా నిద్ర పట్టిందా? పట్టుంటే నీ బాధకి మందు రియల్ ఎస్టేట్ వాళ్ల దగ్గరుంది, నా దగ్గర లేదు. పట్టలేదనే నా అనుమానం.

గిలోవిచ్, మెడ్వెక్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1990ల్లో ఈ పశ్చాత్తాపం మీదే పని చేశారు. చేసిన పని గురించిన బాధ మొదట్లో బాగా కుడుతుందట, ఏళ్లు గడిచేకొద్దీ చెయ్యకుండా వదిలేసిన పనులే ఎక్కువ గుర్తొస్తాయట. నువ్వేమో ఇన్నేళ్లయినా చేసిన పనే పట్టుకుని కూర్చున్నావు. అందుకే నీ ఉత్తరం మళ్లీ చదివా, చెయ్యని పని ఏదైనా ఉందేమోనని. ఉంది. అమ్మ ఏమందో రాశావు, నువ్వేమన్నావో రాశావు, చెల్లి ఏమందో ఒక్క ముక్క లేదు. ఆ పిల్లని అడిగావా అసలు? పొలం అమ్మి చేసేంత పెళ్లి నాకొద్దు అన్నయ్యా అనేదేమో.

మా ఇంట్లో కూడా ఇలాంటిదొకటి ఉండేది. నా పురిటి ఖర్చులకి మా అత్తగారు తన గాజుల జత అమ్మింది. మంచి మనిషి, ఒక్కరోజు నన్ను ఏమీ అన్లేదు. కానీ పేపర్లో బంగారం రేటు పెరిగిందని పడ్డ రోజు ఆ గాజులు ఎన్ని కాసులో మావారికి మళ్లీ చెప్పేది, వంటింట్లో నాకు వినపడుతూనే ఉండేది, చేతిలో గరిటె అలాగే ఆగిపోయేది. కోడల్ని ఏమీ అనట్లేదు కదా అనే ఆవిడ నమ్మకం. నీ చెల్లెలు పండక్కి ఎందుకు రావట్లేదో నాకైతే అర్థమైంది.

ఫోన్ చెయ్యకు, బస్సెక్కు. పండక్కి పిలవడానికి అన్న వెళ్లడం మామూలే కదా, కొత్తగా ఏమీ అనిపించదు. బావగారు పక్కనుంటే ఈ ఊసు ఎత్తకు, ఆయనకిది ఇంకోలా వినపడుతుంది. చెల్లి ఒక్కతే ఉన్నప్పుడు, నీకోసం అమ్మాను అని మాత్రం చచ్చినా అనకు, ఆ మాట నీ మొహంలో ఇప్పటికే చాలాసార్లు చదువుకుంది. నిన్ను అడక్కుండా అమ్మేశాను, ఆ కోపం నీ మీద చూపించాను అని చెప్పు. తిడితే పడు. ఏడిస్తే లేచి బయటికి రాకు, మగాళ్లు చాలామంది అక్కడే లేస్తారు.

ఫోన్లో గజం రేటు చూడ్డం మానెయ్యమని చెప్పను, మానేసినా నాలుగు రోజులకి మళ్లీ మొదలుపెడతావు. వెళ్లొచ్చాక ఏమైందో రాయి, ఈసారీ పేరు వెయ్యంలే.