కత్తెర ఎవరి చేతిలో ఉంది?

సందేహం: మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫొటో ఒకటి చూశాను. పెట్టె మీద ఒక సిపాయి కూర్చున్నాడు, వెనక నిలబడ్డ ఇంకొకడు అతని జుట్టు కత్తిరిస్తున్నాడు. కింద 'జుట్టు కత్తిరించుకుంటున్న సిపాయి' అని రాశారు. ఇది సరైనదేనా?

సమాధానం: వాడుక ఒప్పుకుంటుంది కానీ ఆ ఫొటో ఒప్పుకోదు.

క్రియకు 'కొను' చేరితే పని ఫలం చేసినవాడికే దక్కుతుంది. వంటవాడు దళమంతటికీ టీ కాస్తాడు. కందకంలో సిపాయి తన డబ్బాలో టీ కాచుకుంటాడు. సంస్కృతంలో పచతి (ఇతరుల కోసం వండుతాడు), పచతే (తనకోసం వండుకుంటాడు) అన్న తేడా ఇలాంటిదే. అద్దం పెట్టుకుని గడ్డం గీసుకునేవాడితో పేచీ లేదు. పని ఇంకొకడి చేత జరిగితే మధ్యలో 'ఇంచు' రావాలి: చేయించుకున్నాడు, కుట్టించుకున్నాడు.

చిక్కంతా ఇక్కడే. 'కత్తిరించు'లో ముందే ఒక 'ఇంచు' ఉంది. అది ప్రేరణ (ఇంకొకరి చేత చేయించడం) కాదు, ఆ క్రియ అసలు రూపమే అంత. దానికి అసలైన ప్రేరణ 'కత్తిరింపించు'. నోరు తిరగదు కాబట్టి ఎవరూ అనరు, పనంతా 'కత్తిరించుకున్నాడు'తోనే కానిచ్చేస్తారు. ఆ మాటకొస్తే, తాపీ ముట్టనివాడు కూడా 'ఇల్లు కట్టుకున్నా'నంటాడు! మాటల్లో నడుస్తుంది. కత్తెర పక్కవాడి చేతిలో కళ్లెదుటే కనిపిస్తున్నప్పుడు మాత్రం 'క్షవరం చేయించుకుంటున్న సిపాయి' అంటే హాయిగా ఉంటుంది.

ఒక తమాషా చూడండి. అదే వ్యాఖ్యను 'కత్తిరించుకుంటున్న సిపాయిలు' అని బహువచనంలో రాసి ఉంటే మీకు ఈ సందేహమే వచ్చేది కాదేమో. 'కొట్టుకున్నారు'లో లాగా 'కొను'కు ఒకరికొకరు అనే అర్థం కూడా ఉంది మరి.

ఉత్తరాల ఫొటోల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 1914-15లో ఫ్రాన్స్‌లో పోరాడిన భారతీయ సిపాయిల్లో చాలామందికి చదువు రాదు. వాళ్లు చెబుతుంటే వేరేవాళ్లు రాసేవారు, ఆ ఉత్తరాలను సెన్సారు వాళ్లు చదివేవారు. కలం పట్టినవాడు ఉత్తరం 'రాస్తున్నాడు'. పక్కన కూర్చుని చెప్పేవాడు 'రాయించుకుంటున్నాడు'. 'రాసుకుంటున్నాడు' అన్నారంటే మాత్రం చేతిలో ఉన్నది ఉత్తరం కాదు, డైరీ అనిపిస్తుంది.