కథకుడి నోట రోజుల మాటలు

అమ్మాయీ,

నీ ఇంగ్లిష్ కథ చదివాను. సంత, మేనత్త గడుసుతనం కళ్లకు కట్టాయి. కథ చెప్పడంలో నీకు నేర్పాల్సిందేమీ లేదు. రోజుల ప్రస్తావన వచ్చిన చోటల్లా మాత్రం నీ ఇంగ్లిష్ వాక్యం అడుగున తెలుగు వాక్యం తొంగి చూస్తోంది.

నీ కథకుడు 'టుడే మార్నింగ్', 'యెస్టర్‌డే నైట్' అంటున్నాడు. 'ఈరోజు ఉదయం', 'నిన్న రాత్రి' మనకు సహజం కనుక అలా వచ్చేశాయి. అక్కడ 'దిస్ మార్నింగ్', 'లాస్ట్ నైట్' అనాలి. 'యెస్టర్‌డే మార్నింగ్', 'టుమారో నైట్' మాత్రం నిక్షేపంగా చెల్లుతాయి. ఇందులో తర్కం వెతకకు, చెవికి అలవాటు చెయ్యి. అయితే మేనత్త 'టుడే మార్నింగ్' అంటే దిద్దకు. మన దేశంలో చాలామంది అలాగే మాట్లాడతారు, అది ఆమె సొంత గొంతు. కథకుడికి ఆ వెసులుబాటు లేదు.

వారం పేరు ముందు 'ఆన్' వస్తుందని నీకు తెలుసు. 'నెక్స్ట్', 'లాస్ట్', 'ఎవ్రీ' ఉన్నప్పుడు అది అక్కర్లేదు. 'ఆన్ నెక్స్ట్ మండే' కొట్టెయ్యి.

అసలు చిక్కు 'నుంచి', 'లోగా' దగ్గర ఉంది. పాపకు సోమవారం నుంచి జ్వరం అనడానికి 'షి ఈజ్ హావింగ్ ఫీవర్ ఫ్రమ్ మండే' అని రాశావు. తెలుగులో 'జ్వరంగా ఉంది' అంటే చాలు. ఇంగ్లిష్‌లో ఆ జ్వరం సోమవారం మొదలై ఇప్పటిదాకా సాగుతోందని క్రియే చెప్పాలి: 'షి హాజ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ మండే'. అలాగే తండ్రి సోమవారంలోగా అప్పు కట్టాలన్న చోట 'టిల్ మండే' పెట్టావు. అలా అంటే ఆయన సోమవారం దాకా కడుతూనే ఉండాలని అర్థం వస్తుంది. గడువు చెప్పేది 'బై మండే'. కథంతా ఆ గడువు మీదే నడుస్తోంది కాబట్టి ఇది చిన్న తప్పు కాదు.

ఇక భూతకాలంలో సాగే కథనంలో 'టుమారో' సాధారణంగా 'ద నెక్స్ట్ డే' అవుతుంది, 'యెస్టర్‌డే' 'ద డే బిఫోర్' అవుతుంది. నువ్వు చాలాచోట్ల ఇది పాటించలేదు. కానీ పెళ్లికూతురు పెట్టె సర్దుకునే చోట 'షి వుడ్ లీవ్ టుమారో' అన్నావు. అక్కడ పాఠకుడు ఆమె మనసులో నిలబడి ఆ 'రేపు'ను చూస్తున్నాడు. ఎవరైనా వ్యాకరణం పేరు చెప్పి దాన్ని మార్చమన్నా ఒప్పుకోకు. మిగతావి దిద్ది మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు